తల్లిదండ్రులు మెచ్చిన బిడ్డ – దుర్గాబాయి దేశ్‌ముఖ్

ప్రతి ఏటా మా వసతి గృహ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుల జీవిత చరిత్ర రాయడం ఆనవాయితీ. మాకంటే ముందు ఇక్కడ చదివిన అక్కలు అంబేద్కర్ గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి, కాళోజీ గారి గురించి రాశారు. ఈసారి ఎవరి గురించి రాయాలా అని మేమందరం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. దాన్నిబట్టే ఈ వ్యాసం పుట్టింది.

ఆదివారం వచ్చిందంటే మట్టెవాడలోని మా హాస్టల్ గేటు ముందు అమ్మలు, బాపులు వచ్చి కూర్చుంటారు. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. సంచిలో సకినాలో, సర్వపిండో, మామిడికాయ తొక్కో ఉంటుంది. కొందరు ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకునే పని కూడా ఉందని చెప్పి అటు నుంచి ఇటు వస్తారు. చాలామందికి చదువు రాదు. ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తే తిరగేసి, మా ముఖం చూసి, బాగుందా బిడ్డా అని అడుగుతారు.

అలా వచ్చిన ఒక అమ్మకు వార్డెన్ మేడమ్ ఒక సంగతి చెప్పారు. కొత్తగా చేరిన ఆరో తరగతి పాప రాత్రిళ్లు ఏడుస్తుంటే, ఈ అమ్మ కూతురు తన చద్దరు ఆ పాపకు కప్పి పక్కన పడుకోబెట్టుకుంది. మరునాడు తానే వెళ్లి, చిన్నపిల్లలకు ఇంకొక చద్దరు కావాలని మేడమ్‌ను అడిగింది. ఆ అమ్మ మార్కుల గురించి మళ్లీ అడగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, బస్సెక్కే దాకా ఆ సంగతే చెప్పుకుంటూ పోయింది. తన బిడ్డకు మంచి మనసుందని, అడిగే ధైర్యం కూడా ఉందని ఆమె గర్వం. ఆ గర్వాన్ని చూశాక, పిల్లలోని ధైర్యాన్ని, దయను చిన్నతనంలోనే గుర్తించిన తల్లిదండ్రులు ఉన్న ఒక గొప్ప మనిషి కథ రాయాలనిపించింది. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్.

పుట్టిన ఊరు, పెరిగిన ఇల్లు

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. తమ్ముడు నారాయణరావు. కాకినాడలో పెరిగారు. మా వరంగల్ స్టేషన్ మీదుగా గౌతమి ఎక్స్‌ప్రెస్ వెళ్లేది ఆ ఊరికే. వారిది గొప్ప ఆస్తులున్న ఇల్లు కాదు. అయితే ఆ ఇంట్లో ఇతరుల కష్టం మన కష్టమే అనుకునే అలవాటు ఉండేది.

ఆ రోజుల్లో ప్లేగు, కలరా వచ్చాయంటే ఊళ్లు ఖాళీ అయ్యేవి. రోగి దగ్గరికి సొంతవాళ్లే వెళ్లడానికి భయపడేవారు. రామారావు గారు మాత్రం రోగులకు సేవ చేయడానికి, దిక్కులేని శవాలను సాగనంపడానికి ముందుకు వెళ్లేవారు. పిల్లలను ఇంట్లో దాచిపెట్టకుండా గుడికి, మసీదుకు, చర్చికి, శ్మశానానికి కూడా వెంట తీసుకువెళ్లేవారు. చావంటే భయం పోవాలని, మనుషులందరూ ఒక్కటేనని తెలియాలని ఆయన ఉద్దేశం. ధైర్యంగా ఉండు అని నోటితో చెప్పి ఊరుకోలేదు. కష్టం ఉన్న చోటికి పిల్లల చెయ్యి పట్టుకుని నడిచారు. దుర్గాబాయిలో తర్వాత కనిపించిన ధైర్యానికి, దయకు మొదటి పాఠశాల ఆ తండ్రి వేలు పట్టుకుని తిరిగిన వీధులే.

తండ్రి చేసిన ఒక పొరపాటు

అంత మంచి తండ్రి కూడా కాలం తెచ్చిపెట్టిన ఒక పొరపాటు చేశారు. ఎనిమిదేళ్ల వయసులోనే దుర్గాబాయికి పెళ్లి చేశారు. అప్పట్లో అది తప్పని చాలామంది అనుకోలేదు. ఆడపిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లు ఉండాలన్న శారదా చట్టం 1929లో గాని రాలేదు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసులో ఆమె మెడలో తాళి పడింది. ఈ సంగతిని ఇక్కడ గుర్తు పెట్టుకోవాలని చదువరులను కోరుతున్నాం. దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

1921: పన్నెండేళ్లయినా నిండని పిల్ల

1921 ఏప్రిల్ 2న గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పటికి పన్నెండో ఏడు నడుస్తోంది. ఊరంతా బహిరంగ సభ కోసం ఎదురుచూస్తుంటే ఆ పిల్లకు ఇంకో ఆలోచన వచ్చింది. దేవదాసీలుగా బతుకుతున్న ఆడవాళ్లు పెద్ద సభకు రాలేరు. వచ్చినా నలుగురూ చిన్నచూపు చూస్తారు. పరదా చాటున ఉండే ముస్లిం ఆడవాళ్లు కూడా రాలేరు. గాంధీజీ మాటలు వినవలసిన వాళ్లే వినకుండా పోతారు కదా అని ఆమె బాధ. వాళ్ల కోసం వేరుగా ఒక సమావేశం పెట్టాలని పట్టుబట్టింది.

సభ ఏర్పాటు చేస్తున్న పెద్దల దగ్గరికి వెళ్లి అడిగింది. చిన్నపిల్ల ఏదో అంటోందని వాళ్లు మొదట పట్టించుకోలేదు. చివరికి 5 వేల రూపాయల నిధి పోగు చేసి ఇస్తే గాంధీజీ ఐదు నిమిషాలు కేటాయిస్తారని ఒక షరతు పెట్టారు. 1921లో 5 వేలంటే మామూలు మాట కాదు. ఆమె దేవదాసీల దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. వారం రోజుల్లో ఆ స్త్రీలే డబ్బు సమకూర్చారు. సమావేశానికి చోటు దొరకడం మరో సమస్య అయింది. ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి ఆవరణ సంపాదించింది.

ఆ రోజు వెయ్యిమందికి పైగా స్త్రీలు వచ్చారని చెబుతారు. ఐదు నిమిషాల కోసం వచ్చిన గాంధీజీ అరగంటకు పైగా మాట్లాడారు. ఆయన హిందుస్తానీలో మాట్లాడుతుంటే దుర్గాబాయి తెలుగులో చెప్పింది. విన్న ఆడవాళ్లు మెడలోని గొలుసులు, చేతి గాజులు తీసి నిధికి ఇచ్చారు. అంతా కలిపి సుమారు 25 వేల రూపాయలు అయిందని చెబుతారు. దుర్గాబాయి తన బంగారు గాజులు కూడా ఇచ్చేసింది.

అక్కడి నుంచి గాంధీజీ ఆమెను తన కారులోనే ఎక్కించుకుని బహిరంగ సభకు తీసుకువెళ్లారు. అక్కడ ఆయన ఉపన్యాసాన్ని తెలుగులో చెప్పడానికి కొండా వెంకటప్పయ్య గారి వంటి పెద్ద నాయకుడు సిద్ధంగా ఉన్నారు. గాంధీజీ మాత్రం ఆ పని దుర్గాబాయికే అప్పగించారు. వేలమంది ముందు పన్నెండేళ్లయినా నిండని ఒక ఆడపిల్ల నిలబడి తడబడకుండా చెప్పింది.

ఆ పిల్ల తల్లిదండ్రుల స్థానంలో మన అమ్మనో బాపునో ఒక్కసారి ఊహించుకుందాం. దేవదాసీల ఇళ్లకు మా పిల్ల ఎందుకు వెళ్లాలి అని అడ్డు చెప్పడం వాళ్లకు ఎంతో తేలిక. నలుగురూ ఏమనుకుంటారో అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కాని కృష్ణవేణమ్మ, రామారావు అడ్డు చెప్పలేదు. పైగా ఆ తర్వాత ఇంట్లో ఉన్న విదేశీ బట్టలను మంటల్లో వేసి ఖద్దరు కట్టారు. కూతురి గురించి గర్వపడటమంటే పొగడటమే కాదు, ఆమె వెంట నడవడం కూడా అని వాళ్లు చూపించారు.

మరొక సంగతి కూడా గమనించాలి. ఆ చిన్నపిల్ల ఎవరి కోసం తపించిందో ఆ దేవదాసీ దురాచారాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. పిల్లలు ముందు చూసిన అన్యాయాన్ని పెద్దలు చట్టంలో రాయడానికి 26 సంవత్సరాలు పట్టింది.

తల్లికి పాఠం చెప్పిన కూతురు

దుర్గాబాయి చిన్నతనంలోనే ఇంగ్లీషు చదువును నిరసించి బడి మానేసింది. కాని చదువు మానలేదు. హిందీ నేర్చుకుని, కాకినాడలో ఆడవాళ్ల కోసం బాలికా హిందీ పాఠశాల పెట్టింది. వందలమంది స్త్రీలు అక్కడ హిందీ నేర్చుకున్నారు. ఆ విద్యార్థినులలో ఆమె తల్లి కృష్ణవేణమ్మ కూడా ఒకరు. కన్న కూతురి ముందు పలక పట్టుకుని కూర్చోవడానికి ఆ తల్లి సిగ్గుపడలేదు.

ఇది చదివినప్పుడు మాలో చాలామందికి తమ అమ్మ గుర్తుకు వచ్చింది. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు సంతకం పెట్టడం నేర్పమని అడిగిన అమ్మలు మాకూ ఉన్నారు. పొయ్యి దగ్గర బొగ్గుతో నేల మీద తన పేరు రాసుకుని, ఎవరైనా వస్తే కాలితో చెరిపేసిన అమ్మ కూడా ఉంది.

గేటు దగ్గర బాలిక

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షులు. దేశం నలుమూలల నుంచి నాయకులు వచ్చారు. సభలతోపాటు ఖాదీ ప్రదర్శన పెట్టారు. పద్నాలుగేళ్ల దుర్గాబాయి అక్కడ వాలంటీరు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపరాదని ఆమెకు చెప్పారు. టికెట్ వెల రెండణాలు.

జవహర్‌లాల్ నెహ్రూ అక్కడికి వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. దుర్గాబాయి ఆయనను ఆపింది. వచ్చిందెవరో చూడమని నిర్వాహకులు కోప్పడ్డారు. తనకు చెప్పిన నియమాన్నే పాటిస్తున్నానని ఆమె జవాబిచ్చింది. చివరికి వాళ్లు టికెట్ కొని ఇచ్చాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. ఆయన కోపగించుకోకుండా ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు.

ఈ కథ మనందరం పాఠాల్లోనో, ఉపన్యాసాల్లోనో విన్నదే. కాని దీన్ని ఒక్క ధైర్యం కథగానే చెబుతారు. 1921 నాటి సంఘటన పక్కన పెట్టి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. ఎవరూ లోపలికి పిలవని దేవదాసీలకు తలుపు తెరిపించిన పిల్లా, అందరూ చేతులెత్తి పిలిచే నెహ్రూను గేటు దగ్గర ఆపిన పిల్లా ఒక్కరే. చిన్నవాళ్లను తక్కువగా చూడలేదు కాబట్టే పెద్దవాళ్ల ముందు భయపడలేదు. దయ, ధైర్యం రెండూ ఆమెలో ఒకే వేరు నుంచి వచ్చాయని మేము అనుకుంటున్నాం.

పొరపాటు దిద్దుకున్న తండ్రి

ఇప్పుడు ముందు చెప్పిన పెళ్లి సంగతికి వద్దాం. దుర్గాబాయికి ఊహ తెలిసి, అత్తవారింటికి పంపవలసిన వయసు వచ్చింది. తనకు తెలియని వయసులో జరిగిన ఆ పెళ్లిని కాపురంగా సాగించలేనని ఆమె చెప్పింది. తన దారి సేవ అని, భర్త మరొక పెళ్లి చేసుకుని సుఖంగా ఉండాలని కోరింది. ఈ రోజుల్లో కూడా ఒక ఆడపిల్ల ఈ మాట అంటే ఇంట్లో ఎంత గొడవ అవుతుందో మనకు తెలుసు. నూరేళ్ల కిందట ఎలా ఉండి ఉంటుంది?

తండ్రీ, తమ్ముడూ ఆమె పక్షాన నిలిచారు. తొందరపడి చిన్న వయసులో పెళ్లి చేశానన్న బాధను రామారావు గారు కూతురి దగ్గర దాచుకోలేదు. రోగుల దగ్గరికి వెళ్లడం, శవాలు మోయడం ధైర్యమే. కాని కన్న బిడ్డ ముందు నేను తప్పు చేశానని ఒప్పుకోవడం అంతకంటే పెద్ద ధైర్యమని మాకు అనిపించింది. ఆయన ఎక్కువ కాలం బతకలేదు. కూతురు సాధించినవాటిలో చాలా భాగం చూడకుండానే పోయారు.

దుర్గాబాయి దయ ఎంతటిదో తర్వాత తెలిసింది. ఆ భర్త 1941లో చనిపోయాక ఆయన రెండో భార్య నిరాధార అయింది. దుర్గాబాయి ఆమెను చేరదీసి, చేతిపని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబడేలా చేశారు.

జైలు, చదువు, హాస్టల్

1930 ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. 1933 లోపల మళ్లీ మళ్లీ జైలుకు వెళ్లారు. ఏడాది పాటు మదురై జైలులో ఏకాంతవాసం అనుభవించారు. జైళ్లలో అక్షరం రాని ఎందరో స్త్రీలను చూశారు. తాము ఏ నేరానికి వచ్చామో కూడా సరిగా చెప్పుకోలేనివారు అందులో ఉన్నారు. వీళ్ల పక్షాన మాట్లాడాలంటే తనకు చదువు కావాలని ఆమె నిశ్చయించుకున్నారు.

విడుదలయ్యాక ప్రైవేటుగా చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్యాసయ్యారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం ఆనర్స్ చదవాలనుకున్నారు. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోవడం కష్టమని వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు అన్నారు. దుర్గాబాయి వెనక్కి తిరిగి రాలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు తెలపండని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. కొందరు ముందుకు వచ్చారు. వాళ్లతో కలిసి తానే హాస్టల్ నడిపి చదువు పూర్తి చేశారు.

హాస్టల్‌లో ఉంటూ చదువుకునే మాకు ఆమె జీవితంలో అన్నిటికంటే దగ్గరగా అనిపించింది ఈ ఘట్టమే. మా మంచాలు, మా పెట్టెలు, మా భోజనం గంట మాకు మామూలైపోయాయి. ఒకప్పుడు ఆడపిల్లలకు ఒక హాస్టల్ లేకపోవడం వల్లనే యూనివర్సిటీ తలుపు మూసి ఉండేదని చదివాక, మా గదిని మేము వేరే కళ్లతో చూశాం.

1942లో ఆమె మద్రాసులో న్యాయశాస్త్రం పట్టా పొంది వకీలు అయ్యారు. అంతకు ముందే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ప్రారంభించారు. మొదట కొద్దిమంది ఆడపిల్లలను మెట్రిక్ పరీక్షకు తయారు చేయడంతో మొదలైన ఆ పని తర్వాత పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులుగా పెరిగి హైదరాబాదుకూ విస్తరించింది.

దేశానికి చేసిన సేవ

1946లో ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ఆ సభలో స్త్రీలు 15 మంది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లు ఉండాలని ముసాయిదాలో ఉంటే దాన్ని 30కి తగ్గించాలని ఆమె సవరణ ప్రతిపాదించారు. అది ఆమోదం పొందింది. చిన్న వయసువారి తెలివిని నమ్మమని ఆమె చెప్పారంటే ఆశ్చర్యం లేదు. పన్నెండో ఏట ఆమెను నమ్మినవాళ్లు ఉన్నారు కదా.

1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. ఈసారి పెళ్లి ఆమె సొంత నిర్ణయం. అప్పటికి ఆమెకు 43 ఏళ్లు. అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్ష రాసేలా సంక్షిప్త విద్యా కోర్సులు నడిపించారు. 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. కుటుంబ తగాదాల కోసం ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఎంతో ముందుగా అడిగారు. ఆ చట్టం 1984లో వచ్చింది. భారత ప్రభుత్వం ఆమెకు 1975లో పద్మవిభూషణ్ ఇచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

మా మాట

ఇంత రాశాక ఒక సంగతి దాచుకుంటే మేము దుర్గాబాయి గురించి రాసి ప్రయోజనం లేదు. ఒకసారి దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన ఒక అక్క తిరిగి రాలేదు. పెళ్లి కుదిరిందని తెలిసింది. ఆమెకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. కబడ్డీ ఆడేది. చిన్నవాళ్లకు లెక్కలు చెప్పేది. వాళ్ల అన్న వచ్చి పెట్టె తీసుకుపోయాడు. మేమందరం వరండాలో నిలబడి చూశాం. ఎవ్వరం నోరు విప్పలేదు. ఆ రోజు మేడమ్‌కు చెప్పి ఉంటే, 1098కి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో మాకు తెలియదు. అడగకపోవడం మాత్రం మా తప్పే. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరమని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. అడిగే నోరు కూడా ఉండాలి.

అందుకే ఈసారి మేమందరం ఒక మాట అనుకున్నాం. సెలవులు అయ్యాక మాలో ఎవరి మంచమైనా ఖాళీగా ఉంటే, ఆ రోజే వెళ్లి ఎందుకని అడుగుతాం. ఆరో తరగతి పాపకు చద్దరు కావాలని అడిగిన పిల్ల మా మధ్యనే ఉంది. ఆమె దగ్గర మేమూ నేర్చుకుంటాం.

వార్షికోత్సవం రోజున ఈ వ్యాసాన్ని మా అమ్మలకు, బాపులకు చదివి వినిపించాలని నిర్ణయించాం. చదువు రాదని మీరు చిన్నబుచ్చుకోవద్దు. మీ బిడ్డ మంచి పని చేసిందని విని మీ కళ్లు తడిసినప్పుడు మాకు ఫస్ట్ మార్కు వచ్చినదానికంటే ఎక్కువ సంతోషం. ఆ గర్వాన్ని మా చదువు అయ్యేదాకా అలాగే ఉంచండి. మా పెళ్లి మాట వచ్చినప్పుడు ముందు మమ్మల్ని అడగండి. మేము ఏదైనా చెప్పడానికి నోరు తెరిస్తే, రామారావు గారిలా, కృష్ణవేణమ్మలా ఒక్క నిమిషం ఆగి వినండి. మేము కోరేది అంతే.